పేరు రాయని సన్మానపత్రం

సన్మానపత్రాలు రాయడంలో నాకు కాస్త చెయ్యి తిరిగింది. కువైత్‌లో మా హామ్ రేడియో సంఘం ఏడాదికొకసారి, ఈ అభిరుచికి మేలు చేసిన మనిషిని ఒకరిని ఎంచి సన్మానిస్తుంది. ఎంపిక కమిటీది, రాత నాది. నిస్వార్థ సేవ, అవిరళ కృషి లాంటి మాటలు ఇంగ్లీషులో ఎన్నున్నాయో అన్నీ నా దగ్గర నిల్వ ఉంటాయి. ఏ మనిషికైనా అవే తొడుగుతాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ కాదనలేదు.

హామ్ రేడియో తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. సొంత రేడియో సెట్టు, ఇంటి మీద యాంటెన్నా, ప్రభుత్వం ఇచ్చే కాల్‌సైన్ అనే గుర్తు ఉంటే చాలు, ఫోను, ఇంటర్నెట్ లేకుండా ఊళ్ళోవాళ్ళతోనూ మాట్లాడవచ్చు, సముద్రాల అవతలివాళ్ళతోనూ మాట్లాడవచ్చు. ఏం మాట్లాడుకుంటాం అంటే, నా గొంతు నీకెలా వినిపిస్తోంది, నీ గొంతు నాకెలా వినిపిస్తోంది అనే ఎక్కువ. ఇరవై ఏళ్ళుగా మా ఆవిడ దీనికి నవ్వుతూనే ఉంది.

సెట్టు ఎంత ఖరీదైనదైనా యాంటెన్నా నిలబడకపోతే దండగ. ఇక్కడ దుమ్ముగాలి లేచిందంటే దాన్ని నిలబెట్టడం మాలాంటి కుర్చీ ఉద్యోగాల వాళ్ళ తరం కాదు. ఒక వేసవిలో నాది విరిగి నీళ్ళ ట్యాంకు మీద పడింది. అల్ రాయ్‌లో వెల్డింగ్ షాపువాడు ఒక మనిషి నంబరిచ్చాడు. రాయచోటి వైపు మనిషి. మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటాడు, చమురు ప్లాంటులో మనుషులు ఎక్కి పనిచేసే ఇనుప పరంజాలు కట్టడం ఆయన ఉద్యోగం. శుక్రవారం సెలవు.

వచ్చినప్పుడు "నువ్వు" అన్నాను. ఆయన పని చూశాక "మీరు" అన్నాను. ఎక్కే ముందు ప్రతి బోల్టునూ అరచేత్తో తడిమి చూశాడు. నేను కొత్తవి అనుకుని తెచ్చిన క్లాంపుల్లో రెండు తీసి పక్కన పెట్టి, "ఇవి మీ ఇంటికి పనికొస్తాయి సార్, మిద్దె మీదికి పనికిరావు" అన్నాడు. కింద సందులో ఎవరూ నడవకుండా తాడు కట్టించాడు. నాకు చచ్చేంత విసుగొచ్చింది. పది నిమిషాల పనికి ఇంత ఆర్భాటమా అనుకున్నాను. ఆ యాంటెన్నా ఈనాటికీ ఇంచు కదల్లేదు.

డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. సెట్టు పక్కన కూర్చుని టీ తాగుతూ, ఎవరో ఎక్కడినుంచో పలికితే వింటూ గంట గడిపాడు. "ఇంత దూరం నుంచి వచ్చే గొంతు, నేను కట్టిన కడ్డీ మీద వాల్తాదా సార్?" అని అడిగాడు. అవునన్నాను. అంతే, ఆ తరవాత శుక్రవారాలన్నీ మావే. ఆరేడేళ్ళలో మా సంఘంలో ముప్పాతిక మంది ఇళ్ళ మీద యాంటెన్నాలు ఆయన నిలబెట్టినవే. ఆయన లేకపోతే మేం ఎంత గొప్పవాళ్ళమైనా మాకు మేమే వినిపించేవాళ్ళం.

ఈ ఏడాది ఆయన కంపెనీ కాంట్రాక్టు ముగిసింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి పంపేస్తున్నారు, ఖలాస్, అంతే. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో దిగులు లేదు. ఆయన భార్య కూడా ఇక్కడే, ఒక మామా ఇంట్లో, అంటే ఒక కువైతీ యజమానురాలి ఇంట్లో, వంటపని చేసేది. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండి నెలకొకసారి అబ్బాసియాలో ఏదో హోటల్లో ఎదురెదురుగా కూర్చుని భోంచేసి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళు. రెండేళ్ళ క్రితం ఆమె ముందుగా ఊరికి వెళ్ళిపోయింది. "పెండ్లయి పద్దెనిమిదేండ్లు సార్. ఒకే ఇంట్లో ఇద్దరం కలిసి ఉండింది అన్నీ కూడితే ఏడాదిన్నర కూడా రాదు. ఇంగ పోయి ఉండాల" అన్నాడు.

అప్పుడు పట్టింది నాకు పంతం. ఈ ఏడు సన్మానం ఆయనకే అన్నాను. కమిటీలో అందరూ సరేనన్నారు, ఒక్కరు తప్ప. ఆయన కువైతీ పెద్దాయన, మా అందరికంటే సీనియర్, నిబంధనలన్నీ కంఠోపాఠం. "కాల్‌సైన్ లేని మనిషి మన సంఘంలో ఎలా లెక్క?" అన్నారు. ఆయన విల్లా మీద నిలబడ్డ యాంటెన్నా కూడా మన రాయచోటి మనిషి కట్టిందే. నాకు ముక్కుమీదే ఉంటుంది కోపం. "అయితే మీ యాంటెన్నాని మీ కాల్‌సైన్ నిలబెడుతోందా?" అనేశాను. పెద్దాయన కాగితాలు సర్దుకుని లేచిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

ఆ గెలుపు మత్తులో మన రాయచోటి మనిషి పేరూ ఊరూ అన్నీ పెట్టి రెండు పేజీలు రాసి, స్తంభం మీద ఆయన ఉన్న ఫోటో జతచేసి సంఘం గ్రూపులో పెట్టాను. గ్రూపు లోంచి ఎవరో అభిమానం కొద్దీ మన తెలుగువాళ్ళ గ్రూపుల్లోకి పంపారు. మర్నాడు పని వేళలో ఆయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు.

"సార్, ఆ ఫోటో తీసేయండి. క్యాంపులో అందురి ఫోన్లల్లో ఉండాది."

ఎందుకో నాకు వెంటనే వెలగలేదు. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి కూడా వెలగలేదంటే నా బుర్రని ఏమనాలి? ఒక కంపెనీ వీసా మీద ఉన్నవాడు ఇంకొకరి దగ్గర పనిచేస్తూ దొరికితే నేరం. ఊరికే చేశాను మొర్రో అన్నా వినేవాడుండడు. ఆయన పాస్‌పోర్టు అప్పటికి కంపెనీ తరఫున కాగితాలు చూసే మందూబ్ చేతిలో ఉంది. ఆ మందూబ్‌కి ఫోటో కనబడితే విమానం ఎక్కాల్సిన మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాలి. ఎన్నాళ్ళకు బయటపడతాడో ఎవరూ చెప్పలేరు.

నేను తీసేశాను. తీసేసినంత మాత్రాన పోతుందా? పెట్టిన ప్రతివాడికీ ఫోన్ చేసి బతిమాలాను, ఇద్దరిని తిట్టాను, ఒకాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మూడు రోజులు అన్నం సయించలేదు. మనిషిని పొగిడి మునగచెట్టు ఎక్కించడం చూశాం గానీ, పొగిడి జైలుకి పంపిన ఘనత నాకే దక్కేట్టుందని మా ఆవిడ అంది. ఈసారి తను నవ్వలేదు.

గురువారం సాయంత్రం పాస్‌పోర్టు ఆయన చేతికొచ్చింది. విమానం శనివారం తెల్లవారుజామున. ఆయన సన్మాన సభకి రాకూడదని, పేరు ఎక్కడా రాకూడదని అనుకున్నాం. అయితే ఏం చెయ్యాలి? ప్రతి శుక్రవారం పొద్దున మేమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి, ఒకరి తరవాత ఒకరం కాల్‌సైన్ చెప్పి పలకరించుకుంటాం. ఈసారి ప్రతివాళ్ళూ పేరెత్తకుండా, తమ ఇంటి మీద యాంటెన్నా గురించి ఒక్క మాట చెప్పాలనుకున్నాం. ఆయన్ని మా ఇంటికి టిఫినుకు పిలిచాను. టిఫిను తినడం ఏ చట్టంలోనూ నేరం కాదు.

ఆయన సెట్టు పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కరే పలికారు. నేను ఆయనకి తెలుగులో చెబుతూ వచ్చాను. ఒకాయన, "నాలుగు దుమ్ముగాలులు చూసింది, నిలబడే ఉంది" అన్నాడు. ఇంకొకాయన, తన కూతురు విదేశంలో ఉన్న తాతతో మొదటిసారి మాట్లాడింది దానిమీదేనన్నాడు. మలయాళీ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన, తను గీసిచ్చిన బొమ్మ తప్పని ఈయన మర్యాదగా చెప్పి సరిచేశాడని ఒప్పుకున్నాడు. ఈయన తల వంచుకుని గ్లాసు అంచు తుడుస్తూ కూర్చున్నాడు. "ఏంటికి సార్ ఇదంతా" అన్నాడొకసారి. నాకు చాలా గర్వంగా అనిపించింది. నేను వాడిపారేసే ఆ పెద్దపెద్ద మాటల్లో ఒక్కటీ ఎవరి నోటా రాలేదు, అయినా అంత మంచి సన్మానం మా సంఘం ఎవరికీ చేసి ఉండదు.

చివరికి కువైతీ పెద్దాయన వంతు వచ్చింది. వస్తారని నేను అనుకోలేదు. కాల్‌సైన్ చెప్పి, "నా ఇంటి మీదిదీ ఆయన కట్టిందే" అన్నారు. ఆపైన ఏదో చెబుతుండగా గొంతు సన్నగిల్లిపోయింది, కాసేపు వినబడలేదు, మళ్ళీ తేరుకుంది, మళ్ళీ తగ్గింది. అంతటి మనిషి గొంతు అలా అయిపోతే నాకు కళ్ళు చెమర్చాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "చూశారా, పెద్దాయన మాట కూడా పెగలడం లేదు మీ గురించి" అన్నాను.

ఆయన అప్పటికే లేచి నిలబడి బూట్లు వెతుక్కుంటున్నాడు.

"మాట పెగలక కాదు సార్. గాలి కొట్టినప్పుడంతా గొంతు పోతాంది, గాలి తగ్గితే వస్తాంది. పైన బోల్టు వదులై యాంటెన్నా తిరుగుతాండాది. అది ఊడి పడితే ఆ ఇంటి గోడ పక్కనే, ఆడ ఆయన మనవళ్ళు ఆడుకుంటారు. యల్లా, పోదాం."

"రేపు తెల్లవారితే విమానం. ఎవడైనా చూస్తే ఏమవుతుందో మీకు తెలీదా?" అని గట్టిగానే అన్నాను. "పిల్లల్ని అటు రానివ్వద్దని ఫోన్ చేస్తాను. ఇంకెవరినైనా పంపుదాం."

"ఎవుర్ని సార్?" అన్నాడు.

నేను కారు తాళాలు తీసుకున్నాను. దారంతా నేను అద్దంలో వెనక వచ్చే ప్రతి కారునూ చూస్తూ నడిపాను. ఆయన మాత్రం కిటికీలోంచి ఇళ్ళ కప్పుల మీద తను కట్టినవాటిని చూసుకుంటూ వచ్చాడు. పెద్దాయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. సంగతి వినగానే పిల్లల్ని లోపలికి పంపి, మిద్దె మీద తెల్లటి దిష్‌దాషాతోనే, ఆ పొడుగు అంగీతోనే, వంగి నిచ్చెన పట్టుకున్నారు, పని పూర్తయ్యేదాకా వదల్లేదు. రాసుకున్న రెండు పేజీలు నా జేబులోనే ఉన్నాయి. పైనుంచి ఆయన అడిగినప్పుడల్లా స్పానరు అందించాను. ఎవరూ చూడలేదు. శనివారం విమానం సమయానికే వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం ఊరినుంచి ఫోన్ చేశాడు. ప్రయాణం గురించి ఒక్క ముక్క చెప్పకుండా, "పెద్దాయన గొంతు ఎట్లుండాది సార్ ఇప్పుడు?" అని అడిగాడు. గంటలా ఉందన్నాను. సంతోషమన్నాడు. ఇంకా చాలా చెబుదామనుకున్నాను, ఇన్నాళ్ళూ ముఖాముఖి చెప్పలేనివి.

"ఉండండి సార్, మల్లా చేస్తా" అన్నాడు. "ఆమె అన్నానికి పిలుస్తాంది."