ఆగు అని రాయని పలకలు

మూడంటే మూడు పలకలతో ఒక మాస్టారు తన పరువును ఊరి పొలిమేర దాకా ఎలా నడిపించుకుపోయాడో చెబుతాను, వినండి. ఆ మాస్టారు నేనే. కాబట్టి మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

అప్పుడు కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేసేవాణ్ని. గిద్దలూరులో శిక్షణకు వెళ్లి బ్లాకుల ప్రోగ్రామింగ్ నేర్చుకొచ్చాను. అందులో టైపు చేసే బాధ లేదు. ‘నడువు’, ‘తిరుగు’ అని రాసున్న ముక్కల్ని తెర మీద ఒకదాని కింద ఒకటి అతికిస్తే, బొమ్మ ఆ ప్రకారం కదులుతుంది. మూడు రోజుల శిక్షణతో ప్రపంచంలో నాకు తెలియనిది ఇక లేదనిపించింది.

బడిలో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. అయితేనేం, మార్కాపురం పలకలున్నాయి! ఒక్కో పలక మీద ఒక్కో ఆజ్ఞ రాయించాను. మరి బొమ్మో అంటారా? నేను లేనూ!

మండలంలో ఒక్క బడికే ట్యాబులిస్తారట. ఎంపికకు అధికారి వచ్చారు. అవి మా పిల్లలకే రావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

“కంప్యూటర్ సొంతంగా ఆలోచించదు సార్,” అని ఛాతీ విరిచాను. “పలక మీద లేని పని నేను చచ్చినా చేయను. చూడండి.”

ఎనిమిదో తరగతి కొండమ్మ ఆవరణలో పలకలు పేర్చింది. ‘ముందుకు నడువు. గోడ తగిలితే వెనక్కి తిరుగు. ఇదే మళ్లీ మళ్లీ చెయ్యి.’ శభాష్ అని బయలుదేరాను. ఆ వైపు ప్రహరీ గోడ ఏళ్లుగా కాగితాల మీదే ఉందన్న సంగతి రోడ్డెక్కాక గుర్తొచ్చింది.

గొర్రెలు తోలుకొస్తూ కొండమ్మ వాళ్ల నాయన ఎదురయ్యాడు.

“ఏంది సార్, ఇంత ఎండలో యాడికి?”

ఏం చెప్పను? ‘మాట్లాడు’ అనే పలక లేదాయె!

“పలకడేంది? అక్కా, సారును చూడు, అట్లనే పోతున్నాడు!”

టీ దుకాణం ఆవిడ బయటికొచ్చింది. “పొద్దున బాగనే టీ తాగి పోయినాడే! గాలి సోకింటాది తమ్ముడూ. ఉండు, వేపమండ తెస్తా!”

వేపమండ నా వీపు మీద చిందులేసింది. ఏడుపొచ్చింది. దానికీ పలక లేదు.

ఇంతలో కొండమ్మ పరిగెత్తుకొచ్చింది. “నాయనా, సారును ఆపొద్దు! గోడ తగిలేదాకా పోవాల!”

పొలిమేరలో ఒక గొడ్ల కొట్టం గోడకు నా ముక్కు తగిలింది. ఆ గోడను కావలించుకుందామనుకున్నాను. పలక ఒప్పుకోదు కదా, వెనక్కి తిరిగాను. ఊరంతా నా వెనకే.

బడికి చేరేసరికి అధికారి జీపు లేదు. ఇక చూసేవాళ్లెవరని పలకల్ని పక్కనపెట్టి ఆగాను. ట్యాబులు పక్క ఊరికి పోయాయి. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. హెడ్‌మాస్టర్ గారు ఒక కాగితం అందించారు. అధికారి స్వయంగా రాసిన మెమో: “పనివేళల్లో అనుమతి లేకుండా బడి వదిలి వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.”

“మీరు ఒక్క తప్పూ చెయ్యలేదు సార్,” అని కొండమ్మ ఓదార్చింది. “పలకల్లో ఉన్నట్టే పోయినారు.”

అదేనమ్మా నేను చేసిన నేరం! నల్లమల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఏ అధికారి ముందూ చెప్పింది చెప్పినట్టు చేసే పాపానికి ఒడిగట్టను.