సొంతింట్లోంచి వాకౌట్

డెంజిల్ హోస్కింగ్ మాట్లాడటానికి లేచాడంటే, ఇంగ్లండు కొసన సముద్రం ఒడ్డునున్న పోర్త్‌గానెల్ చాపెల్ హాల్లో ముసలమ్మలు అల్లికలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఆయన చెప్పేది శ్రద్ధగా విందామని కాదు. ఆయన బల్ల గుద్దినప్పుడల్లా టీ కప్పులు ఎగిరిపడతాయి, రెండు చేతులా పట్టుకోవాలి మరి.

మనిషి భారీ విగ్రహం. అరవై దాటినా భుజాలు తగ్గలేదు. తండ్రి వదిలి వెళ్ళిన పడవ మీద పీతలు పట్టడం తప్ప మరో పని ఎరగడు. ఆ పడవకి పెళ్ళైన కొత్తలో భార్య పేరే పెట్టుకున్నాడు. థెల్మాతో మాటామాటా అనుకున్న రోజున మాత్రం దాన్ని పేరు పెట్టి పిలవడు, 'ఆ పడవ' అంటాడు. కూటమి గొడవ మొదలయ్యాక రెండేళ్ళుగా అది ఎక్కువగా 'ఆ పడవ'గానే ఉండిపోయింది.

గొడవ అంటే అప్పట్లో దేశమంతటికీ ఒకటే గొడవ. యూరప్ కూటమిలోంచి బయటికి పోదామని జనం ఓటేశారు. బాగానే ఉంది. ఎలా పోవాలన్న దగ్గరే బండి ఆగిపోయింది. బేరం కుదుర్చుకుని పోవాలా, కుదరకపోయినా పోవాలా, మనం ఎంతవరకు దిగుతామో వాళ్ళకి ముందే చెప్పాలా, గుట్టుగా ఉంచాలా? లండన్‌లో పెద్దలు తేల్చుకోలేకపోతున్న ఈ ముక్కని పోర్త్‌గానెల్ చాపెల్ వాళ్ళు ప్రతి గురువారం సాయంత్రం టీ, కుంకుమపువ్వు బన్నులు పెట్టుకుని తేల్చేస్తుండేవాళ్ళు.

డెంజిల్ సిద్ధాంతం ఒకటే. "బేరానికి కూర్చున్నవాడు లేచిపోవడానికి సిద్ధంగా ఉండాలి. లేచి తలుపు దాకా నడవండి చాలు. అవతలివాడే పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంటాడు!"

"పట్టుకోకపోతే హోస్కింగ్ గారూ?" అని అడిగేవాడు ఆర్నాల్డ్ విగ్మోర్. డెంజిల్‌కి పక్కింటాయన. ఎక్కడో లండన్ వైపు బ్యాంకులో మేనేజరుగా చేసి, రిటైరై ఇక్కడ స్థిరపడ్డాడు. ఇక్కడికి వచ్చి జుట్టు నెరిసి, ఊడి, ఇప్పుడు మిగిలింది కూడా పోతున్నా ఊళ్ళో ఇంకా 'కొత్తగా వచ్చినాయన'గానే చలామణీ అవుతున్నాడు.

"పట్టుకుంటాడండీ."

"సరే, ఒకవేళ పట్టుకోలేదనుకోండి..."

"పట్టుకుంటాడని చెప్తున్నానా!" అని డెంజిల్ బల్ల గుద్దేవాడు. కప్పులు ఎగిరేవి. చర్చ ఆ వారానికి అక్కడితో ముగిసేది.

తమాషా ఏమిటంటే, డెంజిల్ జన్మలో ఏ కొట్లోనూ పైసా బేరమాడి ఎరగడు. ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరూ ఎరగరు. కొట్టువాడు ఎంతంటే అంత ఇచ్చి, పైగా థాంక్యూ చెప్పి, బయటికొచ్చాక వీధి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికెళ్ళే జాతి. మరి ఈ లేచిపోయే విద్య ఆయనకి ఎక్కడ అబ్బిందంటే, చుట్టరికాల్లో. ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాడు రెండు అరచేతులతో మోకాళ్ళ మీద టప్పున చరుచుకుని "సరే మరి, బయల్దేరతా" అంటాడు. అంటే బయల్దేరుతున్నాడని కాదు. ఇంటివాళ్ళు "అప్పుడేనా? ఇంకో కప్పు తాగి వెళ్ళు" అనాలి. ఆయన కాదు కూడదంటూనే మళ్ళీ కూలబడాలి. డెంజిల్ వాళ్ళమ్మ ఇలా మధ్యాహ్నం మోకాళ్ళు చరుచుకుని, రాత్రి భోజనం కూడా కానిచ్చుకుని వెళ్ళేది. దేశం యూరప్ ముందు చెయ్యాల్సింది కూడా ఇంతేనని డెంజిల్ గట్టి నమ్మకం. మోకాళ్ళు చరుచుకుంటే చాలు, వాళ్ళే కూర్చోబెడతారు.

ఇంత ధీమాగా మాట్లాడే మనిషి బతుకంతా ఒక ఫ్రెంచివాడి లారీ మీద ఆధారపడి ఉంది. డెంజిల్ బుట్టల్లో ఎక్కువగా పడేవి సాలె పీతలు. పొడుగు కాళ్ళు, ఒళ్ళంతా ముళ్ళు. మా వైపు వాటిని తినేవాళ్ళు లేరు. పట్టేవాడు డెంజిలే, ఆయన కూడా నోట పెట్టడు, "ఆ మొహం చూశాక ముద్ద దిగుతుందా?" అంటాడు. సముద్రానికి అవతలి ఒడ్డున, ఫ్రాన్సులోని రోస్కాఫ్ వైపు జనానికి మాత్రం అవంటే ప్రాణం, అదీ బతికున్నవైతేనే. అందుకని వసంతం వచ్చిందంటే వారానికి రెండుసార్లు హెర్వే అనే ఆయన నీళ్ళ తొట్లున్న లారీ వేసుకుని ఓడలో సముద్రం దాటి మా రేవుకి వచ్చేవాడు. ఆ లారీ రావడం ఆగిందా, డెంజిల్ పడవని గట్టు మీదకి లాగేసుకోవాల్సిందే. ఇది ఊరందరికీ తెలుసు. డెంజిల్‌కీ తెలుసు. బల్ల గుద్దేటప్పుడు మాత్రం గుర్తుండేది కాదు.

"బయటికి పోదామని ఓటేసొచ్చావు, ఎవరి మీద కోపంతో?" అని థెల్మా ఓ రోజు నిలదీసింది. "హెర్వే మీదా?"

"హెర్వే మీద నాకు కోపమేంటి? వాడు బంగారం. నా కోపం కూటమిని నడిపే ఆ బ్రస్సెల్స్ వాళ్ళ మీద."

"బ్రస్సెల్స్ వాళ్ళు వచ్చి కొంటున్నారా నీ పీతలు?"

పడవకి రంగు వెయ్యాలి అంటూ డెంజిల్ రేవుకి వెళ్ళిపోయాడు.

ఏటా చలికాలం చివర, సీజను మొదలవకముందు, హెర్వే లారీ లేకుండా ఒక్కడే వచ్చి వీళ్ళ వంటింట్లో కూర్చునేవాడు. ఆ ఏటి ధర అక్కడే మాట్లాడుకునేవాళ్ళు. కాగితం, సంతకం ఏమీ లేవు. థెల్మా పాస్టీలు చేసేది. మాంసం, బంగాళాదుంప కూరి మడిచి కాల్చిన ఆ పాస్టీల మూల మీద ఎవరిది వాళ్ళకని పిండితోనే పేరు మొదటి అక్షరం అతికించేది. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదు. తినడం అయ్యాక చెయ్యి కలిపితే బేరం అయిపోయినట్టు.

ఆ ఏడాది హెర్వే వస్తున్నాడని తెలిసిన గురువారం డెంజిల్ చాపెల్లో మీసం మెలేశాడు. "చూస్తూ ఉండండి. లేచిపోవడం అంటే ఏమిటో మా వంటింట్లోనే చేసి చూపిస్తా!"

ఇంటికి రాగానే థెల్మా గుమ్మంలోనే అందుకుంది. "నీ చాపెల్ నాటకాలు నా వంటింట్లో ఆడావనుకో, నిన్ను కూర్చోమని నేను మాత్రం బతిమాలను. ముందే చెప్తున్నా."

"నువ్వెందుకు బతిమాలడం? వాడు బతిమాలతాడు."

హెర్వే వచ్చిన రోజు వాన. ఆయన మాట్లాడే ఇంగ్లీషు రేవులో డెంజిల్ దగ్గర నేర్చుకున్నదే, అందులో బూతుల పాలు కాస్త ఎక్కువ. కోటు తడి దులుపుకుని, థెల్మాకి తెచ్చిన వెన్న ఆమె చేతికిచ్చి, బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా డెంజిల్, కాళ్ళకి ఇంట్లో వేసుకునే గళ్ళ గుడ్డ చెప్పులు. బూట్లు తలుపు పక్కనే చాప మీద విడిచి ఉన్నాయి.

"డెంజిల్, ఈ ఏడాది కొంచెం కష్టంగా ఉంది," అన్నాడు హెర్వే కప్పు పక్కన పెడుతూ. "మా కంపెనీ వాళ్ళు..."

దొరికాడు! ధర తగ్గించడానికి ఎత్తుగడ వేస్తున్నాడు! డెంజిల్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి మోకాళ్ళ మీద టప్పున చరిచాడు.

"సరే మరి! నేను బయల్దేరతా."

హెర్వే ఆయన వంక చూశాడు. థెల్మా వంక చూశాడు. వాళ్ళ వైపు మర్యాద తెలిసినవాడు కాబట్టి కుర్చీలోంచి సగం లేచి, "మంచిది," అన్నాడు.

డెంజిల్ మెల్లిగా, చాలా మెల్లిగా తలుపు దాకా నడిచాడు. వెనక నుంచి ఏ పిలుపూ రాలేదు. గడియ తీశాడు. ఒకసారి దగ్గాడు. థెల్మా పొయ్యి తలుపు తీసి లోపలికి తొంగి చూస్తోంది, ఆ పాస్టీల్లో ఏదో ప్రపంచ వింత ఉన్నట్టు. ఇక చేసేది లేక బయటికి నడిచి తలుపు వేశాడు.

అప్పుడు వెలిగింది ఆయనకి. చుట్టంగా వెళ్ళిన చోట లేస్తే కూర్చోబెట్టేది ఇంటివాళ్ళు. ఇక్కడ ఇంటివాడు తనే.

వాన పడుతూనే ఉంది. ఎక్కడికి పోవాలి? రేవుకి వెళ్దామంటే గుడ్డ చెప్పులు. పెరట్లో సామాన్ల గుడిసె ఉంది కానీ దాని తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతోంది. గుడిసె చూరు కింద వీపు ఆనించి నిలబడ్డాడు. చూరు నీళ్ళు సూటిగా మెడ మీదే పడుతున్నాయి. దడి అవతల గొడుగు కింద ఆర్నాల్డ్ విగ్మోర్ తల లేచింది.

"హోస్కింగ్ గారూ."

"విగ్మోర్ గారూ."

ఆర్నాల్డ్ చూపు ముందు డెంజిల్ మొహం మీద ఆగి, మెల్లిగా దిగి గళ్ళ చెప్పుల మీదకి వెళ్ళి, మర్యాదగా ఆకాశం వైపు తిరిగింది. వెలుగుతున్న వంటింటి కిటికీ ఆయనకీ కనబడుతోంది. లోపల కూర్చున్న ఫ్రెంచాయనా కనబడుతున్నాడు. గురువారం విన్న మాటలు ఆయన మర్చిపోయే రకం కాదు.

"కాస్త తేమగా ఉందండీ ఇవాళ," అన్నాడు.

"తోటకి మంచిది," అన్నాడు డెంజిల్ మెడ మీద నీళ్ళు తుడుచుకుంటూ.

"అవునవును. తోటకి మంచిదే." ఆర్నాల్డ్ ఇంకేదో అనబోయి, మింగేసి, గొడుగుతో సహా దిగిపోయాడు. దానికి బదులు గట్టిగా నవ్వేసినా బాగుండును అనిపించింది డెంజిల్‌కి.

ఆయన దృష్టి మళ్ళీ కిటికీ మీదకి పోయింది. హెర్వే తన పాస్టీ అయిపోగొట్టాడు. రుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. థెల్మా పొయ్యిలోంచి ఇంకొకటి తీసింది. దాని మూల మీద బొద్దుగా డి అక్షరం. కాగితం పరిచింది. అందులో పెట్టి చుట్టడం మొదలుపెట్టింది, ఓడలో తినడానికి కట్టిచ్చేలాగా!

కూటమి సంగతి దేవుడెరుగు. దేశం ఎటు పోయినా పోనీ. తన పేరు అతికించిన పాస్టీ పరాయివాడి సంచిలో సముద్రం దాటడం డెంజిల్ సహించలేకపోయాడు. వట్టి చేతులతో వెళ్తే పరువు పోతుంది కాబట్టి, పక్కనే మడిలో ఉన్న క్యాబేజీ ఒకటి వేళ్ళతో సహా పెరికి, దాన్ని చంకన పెట్టుకుని తలుపు తోశాడు.

"క్యాబేజీ కోసం వెళ్ళా," అన్నాడు. మీసాల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"బాగుంది," అంది థెల్మా. "ఎవరడిగారు?"

"హెర్వేకి. వాళ్ళమ్మకి ఇస్తాడని."

హెర్వే లేచి, మట్టి కారుతున్న క్యాబేజీని పసిపిల్లని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు. నవ్వలేదు. "కట్టొద్దని చెప్తూనే ఉన్నా థెల్మా గారికి. ఈయన వస్తాడండీ, బూట్లు ఇక్కడే ఉన్నాయిగా, అన్నా."

డెంజిల్ చాప మీద బూట్ల వంక చూశాడు. పొడిగా, బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి.

"కూర్చో," అన్నాడు హెర్వే. ఆ మాట కోసమే కదా ఇందాకంతా! కానీ ఇప్పుడది వేరుగా వినబడింది. "నేను ధర తగ్గించడానికి రాలేదు డెంజిల్. మా యజమాని ఇంగ్లీషు రేవులకి లారీలు మొత్తం ఆపేద్దామన్నాడు. మీరు వెళ్ళిపోయాక రేవులో ఏ కాగితాలు అడుగుతారో, ఎంతసేపు నిలబెడతారో ఎవడికీ తెలీదు. తొట్లో పీతలు చచ్చాయంటే పారబొయ్యడమే. ఈ ముక్క ఫోన్లో చెప్పలేక వచ్చా."

 పడవ, బుట్టలు, రేవు, ఒక్కసారిగా అన్నీ డెంజిల్ కళ్ళ ముందు తిరిగాయి. నిజంగా భయం వేసింది ఆయనకి.

"నేను చెప్పా," అన్నాడు హెర్వే. "వాళ్ళు ఎక్కడికీ పోరయ్యా, అరవడం వాళ్ళ అలవాటు, తలుపు దాకా వెళ్ళి వెనక్కొస్తారు అని. ఆయన వినలేదు. నీ బూట్లు నాకు కనబడతాయి డెంజిల్. రోస్కాఫ్‌లో కూర్చున్నాయనకి కనబడవు. వెళ్ళిపోతాం, వెళ్ళిపోతాం అన్న కేక ఒక్కటే వినబడుతుంది. మీరు అన్న మాటే నమ్ముతాడు."

 డెంజిల్ తడి చెప్పుల వంక చూసుకుంటూ, "మరి లారీ?" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని థెల్మాకే తెలియదు.

"వారానికి ఒకసారి. అదీ కూర్చుని కూర్చుని ఒప్పించా. నేను మాత్రం లేవలేదు. ధర పోయినేటిదే."

డెంజిల్ చెయ్యి చాచాడు. ఆ చేతికున్న తోట మట్టంతా హెర్వే చేతికి అంటుకుంది. థెల్మా కాగితం విప్పి పాస్టీని పళ్ళెంలో పెట్టి భర్త ముందుకి తోసింది. ఆయన దాన్ని మధ్యకి విరిచి, డి అక్షరం ఉన్న సగం హెర్వేకి ఇచ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో తన పాస్టీ ఆయన మరొకరికి పెట్టడం థెల్మా చూడటం అదే మొదలు. చటుక్కున పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి గురువారం చాపెల్ హాలు కిటకిటలాడింది. లేచిపోవడం చేసి చూపిస్తానన్నాడు కదా, ఏమైందో వినాలని అందరికీ ఆత్రం. "చెప్పండి హోస్కింగ్ గారూ!" అని వెనక వరసలోంచి ఎవరో కేకేశారు. డెంజిల్ ఆర్నాల్డ్ వంక చూశాడు. ఆర్నాల్డ్ బన్ను మీద కుంకుమపువ్వు రేకలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆ రోజు పెరట్లో చూసింది ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదాయన.

డెంజిల్ లేచాడు. ముసలమ్మలు కప్పులు పట్టుకున్నారు.

"లేచేముందు," అన్నాడాయన, "కాళ్ళకి ఏమున్నాయో ఒకసారి చూసుకోండి."

అని కూర్చున్నాడు. బల్ల గుద్దలేదు. హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. ఆర్నాల్డ్ విగ్మోర్ లేచి, ఈ గురువారం చర్చలు మొదలయ్యాక మొట్టమొదటిసారిగా, తన చేత్తో డెంజిల్‌కి టీ పోసి తెచ్చి ఇచ్చాడు.

"బయట ఇంకా తేమగానే ఉందండీ," అన్నాడు. "ఇంకో కప్పు తాగి వెళ్ళండి."