నూనె లోడు పడ్డ రోజు

లారీ డ్రైవర్‌ను ఎవరైనా కొట్టవచ్చు. ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టుకున్నవాడిగా నాకు తెలిసిన సంగతి చెబుతున్నాను. కారుకు గీత పడితే కారువాడు కొడతాడు. మేక అడ్డమొస్తే ఊరంతా కొడుతుంది. మహారాష్ట్రలో ఒకసారి నా ముందు పోతున్న బైకు తనంతట తానే జారి పడింది. నేను బండి ఆపి, దిగి, ఆ మనిషిని లేపుతుంటే వెనక నుంచి ఎవరో నా మెడ మీద కర్రతో కొట్టారు. తర్వాత ఎంతమంది కొట్టారో తెలియదు. 'నేను కాదు' అని వాళ్ళ భాషలో ఎలా అనాలో అప్పటికి నాకు రాదు. తర్వాత నేర్చుకున్నాను. ఏ రాష్ట్రం పోయినా మేము మొదట నేర్చుకునే మాట అదే.

మరి ఎందుకు మానవని మా ఆవిడ అడిగేది. ఆమె చర్చి దగ్గరి బడిలో ఆయాగా పని చేస్తుంది. ఆదివారం ఆరాధనలో ఆమె పక్కన నా చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నేను ఆమెకు సరైన జవాబు ఎన్నడూ ఇవ్వలేకపోయాను. తెల్లవారుతుండగా ఘాట్ ఎక్కి, మబ్బుల పైకి వచ్చి, బండి పక్కకు ఆపి టీ తాగితే ఎలా ఉంటుందో మాటల్లో ఎట్లా చెప్పాలి? కచ్ వైపు ఉప్పు మళ్ళు మంచులాగా తెల్లగా మెరుస్తుంటే చూశాను. క్యాబిన్‌లో కూర్చున్నాక నా నెత్తి మీద ఎవడూ ఉండడు. మెదక్‌లో నాతో చదువుకున్నవాళ్ళు దుకాణంలో కూర్చుని సేటు చేత తిట్లు తింటుంటే నేను దేశం చూశాను. మా ఇంటి మీద స్లాబు పడింది, మా అమ్మాయి నర్సింగ్ చదివింది, అంతా ఆ స్టీరింగ్ పుణ్యమే. రోడ్డు మీద బండి ఆగిపోతే పేరు కూడా అడగకుండా తన స్టెప్నీ టైరు విప్పి ఇచ్చిన మనుషులు ఉన్నారు. కొట్టేవాళ్ళూ వాళ్ళే, కాపాడేవాళ్ళూ వాళ్ళే అని నాకు అర్థమైంది మాత్రం ఒక ఎండాకాలం మధ్యాహ్నం.

గుజరాత్ నుంచి వంటనూనె డబ్బాలు తెస్తున్నాను. చాలావరకు హైదరాబాద్ గోదాములో దింపాను. మిగిలినవి మెదక్‌లోనే ఒక వ్యాపారికి ఇవ్వాలి. లోడుతో సొంత ఊరికి రావడం మాకు ఎప్పుడో గానీ దొరకదు. నర్సాపూర్ దాటగానే ఇంటికి ఫోన్ చేశాను.

"చింతచిగురు మటన్ పెట్టిన. జల్ది రా, సల్లగైతది" అంది మా ఆవిడ.

కుల్చారం దాటిన తర్వాత ఎడమ చేతి వైపు మట్టిదారి నుంచి ఒక ఆటో రోడ్డు మీదికి దూసుకొచ్చింది. నిండా కూలీ ఆడవాళ్ళు. ఒకామె నా వైపు చూసి నోరు తెరవడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. స్టీరింగ్ కుడికి కొట్టాను. ఆటో తప్పింది. నా చక్రం రోడ్డు అంచు దిగింది. అంత పెద్ద బండి మెల్లగా, ఎవరో నెట్టినట్టు, నా పక్కకు ఒరిగి పడిపోయింది. ఆటో ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి కుడి తలుపు నా కింద ఉంది, ఎడమ తలుపు ఆకాశంలో ఉంది. కుడి కాలు స్టీరింగ్‌కూ ముందరి రేకుకూ మధ్య నలిగిపోయింది. నెత్తుటితో ఒక కన్ను మూసుకుపోయింది. చుట్టూ నూనె వాసన. అప్పుడు బైకులు ఆగిన చప్పుడు వినబడింది. దేవా, మనుషులు వచ్చారు అనుకున్నాను.

పగిలిన అద్దంలోంచి ఒక ముఖం తొంగి చూసింది.

"డ్రైవర్ పోయిండు" అన్నాడతను వెనక్కి తిరిగి. అంతే, బండి వెనక వైపు పరుగెత్తాడు.

లోడు మీద కప్పిన తాడ్‌పత్రి కోస్తున్న చప్పుడు వచ్చింది. కాసేపటికి చుట్టూ సంతలాగా మాటలు. "జల్ది పట్టురా." "గా పక్కవి పగిలినయ్, గివి మంచిగున్నయ్." ఎవరో ఆడమనిషి "జర నాకో డబ్బా అందియ్యుండ్రి" అని బతిమాలుతోంది. ఎవరో నవ్వారు. ఒకడు క్యాబిన్ మీదికి ఎక్కి నడిచాడు. అద్దం ముక్కలు నా ముఖం మీద రాలాయి. అరుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

నా ఫోన్ నా ఛాతీ పక్కన పడి మోగుతోంది. ఒక చెయ్యి అద్దంలోంచి లోపలికి వచ్చింది. ఆ చేతి వేలికి రాగి ఉంగరం.

"అన్నా, కాలు ఇరికింది" అన్నాను. నాకైతే అన్నట్టే ఉంది.

ఆ చెయ్యి ఫోన్ తీసుకుంది. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ఇంటి నుంచే. అతను దాన్ని కట్ చేసి జేబులో వేసుకుని పోయాడు. కాలి నొప్పి మరిచిపోయాను గానీ ఆ కట్ చేసిన క్షణం మరిచిపోలేదు.

అప్పుడు ఇంకొకతను వచ్చాడు. "అరె, బతికే ఉన్నడు!" అని అరిచి, మిగిలిన అద్దాన్ని చెప్పుకాలితో తన్ని పగలగొట్టి, నడుము దాకా లోపలికి దూరాడు. చేతుల నిండా ఎండిన సిమెంటు. మేస్త్రీ అని చూడగానే తెలిసింది. భుజం మీది తువ్వాల చింపి నా తలకు గట్టిగా కట్టాడు. సీసాలోంచి నీళ్ళు పెదవుల మీద పోశాడు.

"కదలకు అన్నా. నేనున్న. ఓ భై, ఇద్దరు రాండ్రి, గీ మనిషిని గుంజుదాం!" అని వెనక్కి తిరిగి కేకలు పెట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ నా వైపు వంగి, నా చంక కింద చెయ్యి పెట్టి లాగడానికి చూశాడు.

అదే సమయానికి రోడ్డు మీద ఇంకో లారీ గట్టిగా బ్రేకు కొట్టింది. తలుపు ధడాలున తెరుచుకుంది. ఒక మనిషి బూతులు తిడుతూ దిగాడు.

"అన్నమే తింటున్నరారా మీరు? మనిషి సస్తుంటే డబ్బాలు మోస్తరా!"

ఆ తర్వాత దెబ్బలు. ఇనుప రాడ్డు డబ్బాలకు తగిలితే ఒక చప్పుడు, ఒంటికి తగిలితే ఇంకో చప్పుడు. ఆడవాళ్ళు అరిచారు, బైకులు లేచాయి, ఎవరో నూనెలో జారి పడ్డారు, పడ్డవాణ్ణి కూడా కొట్టాడు. నాకు సంతోషమైంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఒక్కొక్క దెబ్బ చప్పుడుకు నా ఒంట్లోకి ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

ఆ లారీ డ్రైవర్ ముందు వైపు వచ్చేసరికి అతనికి మేస్త్రీ వీపు మాత్రమే కనబడి ఉంటుంది. సగం లోపలికి దూరి, నా చొక్కాలో చెయ్యి పెట్టినట్టు కనబడే మనిషి. రాడ్డు పైకి లేవడం నాకు కనబడింది. వద్దు అనబోయాను.

మేస్త్రీ కుడి చెయ్యి ముంజేతి దగ్గర విరిగింది. అతను అరవలేదు, ఊపిరి పీల్చుకుని నా మీద పడ్డాడు. అతని చెమట నా ముఖం మీద పడింది. ఆ డ్రైవర్ అతన్ని మెడ పట్టి బయటికి గుంజి, పడేసి, కాలితో తన్నాడు.

"శవం జేబు కొడ్తవారా, కుక్కా!"

తర్వాత అదే రాడ్డును స్టీరింగ్ కింద పెట్టి, పళ్ళు కొరుకుతూ ఎత్తి, నా కాలు విడిపించాడు. నన్ను గోనె సంచిలాగా భుజాన వేసుకుని తన క్యాబిన్‌లో పడుకోబెట్టాడు. మెదక్ దవాఖానా దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"పండుకోకు అన్నా. నాతోని మాట్లాడు. ఇంట్ల ఎవరెవరున్నరు? నాది శంకరంపేట. నీది మెదకేనా? అన్నా, కండ్లు తెరు!" అంటూ అతను ఏడుస్తున్నాడు.

"ఆయన... ఆయన..." అన్నాను, మేస్త్రీ సంగతి చెప్పాలని. ఆ తర్వాత నాకు తెలివి లేదు.

కాలికి ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. నేను మాట్లాడగలిగిన రోజే మేస్త్రీ భార్య వార్డులోకి వచ్చింది. ఆమె భర్త కూడా అదే దవాఖానాలో పక్క వార్డులో ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఆమె నా మంచం కడ్డీ రెండు చేతులతో పట్టుకుని ఊపింది. నొప్పికి నా కళ్ళు బైర్లు కమ్మాయి.

"నా మొగడు నీ తలకు కట్టు కట్టిండు. నీ లారీవోడు ఆయన చెయ్యి ఇరగ్గొట్టిండు. గా చేతితోనే మాకు బువ్వ! చెప్పు, నా మొగడు దొంగనా?"

మా ఆవిడ అడ్డం వచ్చి ఆమెను నెట్టింది. ఆమె మా ఆవిడ కొప్పు పట్టుకుంది. సెలైన్ స్టాండు కింద పడింది. నర్సులు పరుగెత్తుకొచ్చి విడదీశారు. మా ఆవిడ రొప్పుతూ నా వైపు తిరిగింది.

"నిజమేనా? ఆయన నీకు సాయం జేసిండా?"

అవునని తల ఊపాను. ఆమె వెళ్ళి, వార్డు బయట ఏడుస్తూ కూర్చున్న మేస్త్రీ భార్యకు నీళ్ళిచ్చింది.

సాయంత్రం ఊళ్ళోని డ్రైవర్లు కొందరు వచ్చారు. అందరూ తెలిసినవాళ్ళే. నన్ను దవాఖానాకు తెచ్చిన శంకరంపేట డ్రైవర్ మీద కేసయిందనీ, అతని బండి ఠాణాలో పెట్టారనీ చెప్పారు.

"అన్నా, డబ్బాలు ఎత్తుకపోయెటోన్నే కొట్టిండని నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "ఆయన రాకుంటే నువ్వు గాడనే సస్తుంటివి. గది యాదికుంచుకో."

అతను చెప్పింది అక్షరాలా నిజం. వాళ్ళు పోయాక మా ఆవిడను ఏం చేయాలని అడిగాను.

"నువ్వు సూసింది నువ్వు చెప్పు. ఆళ్ళు సూసింది ఆళ్ళు చెప్పుకుంటరు" అంది.

మర్నాడు ఎస్సై ఇద్దరినీ నా మంచం దగ్గరికే తెచ్చాడు. మేస్త్రీ చేతికి కట్టు, ముఖం వాచి ఉంది, వెనక అతని భార్య. శంకరంపేట డ్రైవర్ నన్ను చూసి నవ్వాడు. అంత పెద్ద మనిషి చిన్న పిల్లవాడిలాగా నవ్వాడు, బతికానని. ఆ నవ్వు ముందు చెప్పడం కష్టమైంది.

"ఈ మేస్త్రీ నా తలకు కట్టు కట్టిండు సార్. నీళ్ళు పోసిండు. గుంజనీకి చూసిండు. గప్పుడే దెబ్బ పడ్డది. ఈ తమ్ముడు రాకుంటే నేను లేను. రెండూ నిజమే."

డ్రైవర్ నవ్వు ఆరిపోయింది. మేస్త్రీ వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"మరి ఆయన బైకు మీద డబ్బా ఎందుకున్నది? నేను సూసిన సార్. సిమెంటు సంచి కట్టిన బండి, దాని మీద డబ్బా."

మేస్త్రీ తల వంచుకున్నాడు.

"తీస్కున్న సార్" అన్నాడు. "అందరు తీస్తుండిరి, నేను గూడ తీసిన. బండికి కడ్తుంటే లోపట మూలుగు ఇనవడ్డది. గట్లనే ఇడిశిపెట్టి ఉరికిన."

అతని భార్య పిడికిలితో అతని వీపు మీద గుద్దింది. "గా నూనె మనకెందుకయ్యా! ఎందుకు!" అంటూ ఇంకా గుద్దింది. కానిస్టేబుల్ పట్టుకునే దాకా ఆపలేదు.

నాకూ లోపల మండింది. నేను నెత్తుట్లో పడి ఉంటే ఇతనూ ముందు డబ్బా దగ్గరికే పోయాడు. కాలు కదిలితే లేచి కొట్టేవాణ్ణే. కాసేపటికి ఆ మంట తగ్గింది. అంతమందిలో మూలుగు విని ఆగినవాడు ఇతనొక్కడే కదా. మిగతావాళ్ళకు వినబడలేదా? ఫోన్ కట్ చేసినవాడికి వినబడలేదా?

ఎస్సై ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాడు. డ్రైవర్‌కు బెయిలు వచ్చింది. మేస్త్రీ చెయ్యి అతుక్కుంది గానీ మణికట్టు తిరగదు. మణికట్టు తిరగనివాడు గోడకు ప్లాస్టరింగ్ చేయలేడు. ఆ మాట తెలిసిన రోజు డ్రైవర్ మా ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మా ఆవిడ పెట్టిన అన్నం ముట్టలేదు. తర్వాత దవాఖానా ఖర్చులన్నీ అతనూ అతని ఓనరూ పెట్టుకున్నారు. కోర్టులో రాజీ అయింది.

ఆ రోజు నేను చేతికర్ర సాయంతో కోర్టుకు వెళ్ళాను. సంతకాలయ్యాక ముగ్గురం బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మేస్త్రీ టీ తీసుకోలేదు.

"రాజీ కాయితం మీద అయింది భై. నా లోపట కాలే" అన్నాడు.

"ఏం జేయమంటవో చెప్పు అన్నా" అన్నాడు డ్రైవర్.

మేస్త్రీ ఎడమ చెయ్యి ఎత్తి అతని చెంప మీద కొట్టాడు. డ్రైవర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద పడింది. టీ కొట్టువాడు పొయ్యి దగ్గర నుంచి కేకేశాడు. జనం మూగారు. ఆపాల్సింది నేనే. నేను ఆపలేదు. ఇది వాళ్ళిద్దరి మధ్య తేలాల్సిందని అనిపించింది. అప్పుడు మేస్త్రీయే ఆగిపోయి, అరుగు మీద కూలబడి, ఎడమ అరచెయ్యి దులుపుకుంటూ ఏడ్చాడు.

"గీ చెయ్యి గూడ పోయేటట్టున్నది" అన్నాడు ఏడుపు మధ్యలోనే.

డ్రైవర్ మూతి తుడుచుకుని, ముగ్గురికీ మళ్ళీ టీ చెప్పాడు. ఈసారి మేస్త్రీ తాగాడు.

ఇప్పుడు అతను చిన్న చిన్న కాంట్రాక్టులు పట్టి మనుషులతో పని చేయిస్తున్నాడు. ఎక్కడైనా కనబడితే చెయ్యి ఊపుతాడు. నూనె ఎవరెవరి ఇళ్ళకు చేరిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఎవరింట్లోనైనా దావత్‌కు పోయి పూరీలు తింటుంటే నాకు ఆ ఆలోచన వచ్చి ప్లేటు పక్కన పెడతాను. రాగి ఉంగరం పెట్టుకున్న చేతులు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి.

కాలు బాగయ్యాక ఓనరు కబురు పెట్టాడు. మా ఆవిడ కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత తనే దుప్పటి, మందులు సంచిలో సర్ది పెట్టింది. ఎందుకు పోతున్నానో ఈసారీ ఆమెకు చెప్పలేకపోయాను. కుంటుతూ క్యాబిన్ ఎక్కి, స్టీరింగ్ మీద చేతులు పెట్టాను. భయమే. కానీ అన్ని నెలల్లో మొదటిసారి నేను నాలాగా ఉన్నాను.

మొన్న గుజరాత్ దారిలో ఒక ఢాబా దగ్గర పంజాబీ డ్రైవర్ ఒకతను నా నడక చూసి ఏమైందని అడిగాడు. వచ్చిన హిందీలో అంతా చెప్పాను. అతను రొట్టె తినడం ఆపి విన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం నుంచి మోచేతి దాకా ఉన్న కుట్ల మచ్చ చూపించాడు. అతని కథ నేను విన్నాను. తర్వాత ఎవరి బండి వాళ్ళం ఎక్కాం.