మే నెలలో రావద్దన్నాను

ఈ సంగతి నా భర్తకు కూడా తెలియదు. చెబితే కోప్పడడు. "పోనీలే, జరిగిందేదో జరిగింది" అంటాడు. ఆ మాట వినడం ఇష్టం లేకే ఇన్నేళ్ళూ గుండెల మీద బండలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఉద్దానం వైపు సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. అమ్మ నెత్తిన గంప పెట్టుకుని, జీడితోటల్లోంచి నడిచి, ఊళ్ళు తిరిగి చేపలమ్మేది. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. అయినా నన్ను "సిన్నదీ" అని పిలిచేది. మరి పెద్దదెవరని అడిగితే ఏదో పనిలో పడిపోయేది. కాస్త పెద్దయ్యాక తెలిసింది. నాన్నకంటే ముందు అమ్మకు ఇంకో పెళ్ళయింది. ఆ మనిషి సముద్రం మీదకి చేపలవేటకెళ్ళి తిరిగి రాలేదు. చంకలో పాపతో, తిండికి లేక, అమ్మ ఆ పాపను పట్నంలో ఒక అనాథాశ్రమంలో ఇచ్చేసింది. అక్కణ్ణించి నార్వే దంపతులెవరో పెంచుకోవడానికి తీసుకెళ్ళారట.

ఆ పాప పేరిప్పుడు లీనా. కన్నతల్లిని వెతుక్కుంటూ, ఆశ్రమం వాళ్ళ ద్వారా మా ఆచూకీ తెలుసుకుంది. ఫోన్లో మొదటిసారి ఆ ముఖం కనిపించినప్పుడు అమ్మ ఫోన్ను దగ్గరికి లాక్కుంది. వేలితో ఆ బుగ్గను తాకింది. చెయ్యి తగిలి ఫోన్ కట్టయితే ఏడ్చింది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. లీనాకు తెలుగు రాదు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నదాన్ని, ఇద్దరి మధ్యా నేనున్నాను. ఏ మాటైనా నా నోటిగుండానే వెళ్ళాలి.

అమ్మకు అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఆ జబ్బు లేని వీధి లేదు. ఎండలు ముదురుతున్న రోజుల్లో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "దూరాన ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి వచ్చి చూసి వెళ్ళమనండమ్మా" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలియక కాదు.

ఆ వారంలోనే లీనా ఫోన్ చేసింది. తనకు మేలో సెలవు దొరుకుతుంది, లేదంటే జనవరిలో. మీ దేశం లాంటి వేడి దేశాలకు చలికాలంలోనే వెళ్ళాలని ఇంటర్నెట్లో ఎక్కడ చూసినా రాశారు, ఎండలో నాకు కళ్ళు తిరుగుతాయి, కానీ అమ్మకు బాగోలేదంటే మేలోనే వచ్చేస్తాను, అక్కడ ఉండేదానివి నువ్వే చెప్పు అంది.

అమ్మ నా పక్కనే మంచం మీద కూర్చుని ఉంది.

"ఏటంటన్నాదే?"

"ఎప్పుడు రమ్మంటావని అడుగుతన్నాదమ్మా."

"ఇప్పుడే రమ్మను. ఎండకేటవుద్ది? పందిరేయిద్దాం, తడిగుడ్డలు కడదాం. సలికాలం దాకా నానుంటానో ఉండనో. అదీ సెప్పు. దాయకు."

నేను ఫోన్ వైపు తిరిగాను. అమ్మ బాగానే ఉందని చెప్పాను. మేలో వడగాలికి మనుషులు పడిపోతారన్నాను. ఆ తర్వాత వానలు, ఊళ్ళోకి దారంతా బురద. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. జనవరిలో రా, అమ్మ కూడా అదే అంటోంది అన్నాను.

వాతావరణం గురించి నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఎవరినడిగినా అదే చెబుతారు. అన్ని నిజాలు చెప్పి ఇంత మోసం చెయ్యొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏటన్నాది?" అని అమ్మ మళ్ళీ అడిగింది.

"ఎండకి తాళలేదట. సలికాలంలో వస్తానన్నాది."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పాపం, సల్లటి దేశంలో పెరిగిన పిల్ల. నా కోసం వచ్చి దానికేటైనా అయితే? అలాగే రానీ. నానే ఓపిక పడతాను," అంది.

ఎందుకు చేశాను? ఆమె వస్తే ఇంట్లో ఖర్చవుతుందనా? కాదు. ఆమె ఎండకు పడిపోతుందని నిజంగా భయపడ్డానా? అలా నమ్మాలని చాలాసార్లు ప్రయత్నించాను. అసలు కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేను, బస్సులో అమ్మ తల నా ఒళ్ళో పెట్టుకున్నది నేను, కాళ్ళు పట్టింది నేను. అయినా ఫోన్లో లీనాను చూసినప్పుడు అమ్మ ముఖంలో వచ్చిన వెలుగు నా కోసం ఎప్పుడూ రాలేదు. మిగిలిన ఆ కొన్నాళ్ళైనా అమ్మ నాకే కావాలనుకున్నాను. ఇంత చిన్న బుద్ధి నాకెక్కడిది?

వానలు పడుతున్నప్పుడు అమ్మ పోయింది. చివరి రోజుల్లో గుమ్మం వైపు చూస్తూ, "సలి మొదలైందేటే?" అని అడిగేది. ఇంకా లేదనేదాన్ని. అప్పుడైనా లీనాకు ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. చేస్తే మొదటి అబద్ధం బయటపడుతుంది. పోయాక చేసి, ఉన్నట్టుండి జరిగిందన్నాను. ఆమె ఏడుస్తుంటే ఓదార్చాను కూడా.

అయినా లీనా జనవరిలో వచ్చింది. జీడిచెట్లు పూత మీదున్నాయి. పొద్దుట పల్చటి మంచు, పగలు నులివెచ్చగా కాసే ఎండ. అమ్మ తిరిగిన ఊళ్ళన్నీ ఆమెతో కలిసి తిరిగాను. అమ్మ దగ్గర చేపలు కొన్న ఆడవాళ్ళు ఆమె గడ్డం పట్టుకుని, "అచ్చు వాళ్ళమ్మే" అన్నారు. వెళ్ళే ముందురోజు ఒడ్డున ఇసకలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అమ్మను చూడలేకపోయినా, అమ్మ ఊరిని ఇంత హాయిగా చూడగలిగాను, మంచి నెల చెప్పావు, థాంక్స్ అంది. నేను నవ్వాను. ఎలా నవ్వగలిగానో ఇప్పటికీ తెలియదు.

ఆమెకు చెప్పాలా? చెబితే ఆమెకు దక్కేదేమిటి? రాగలిగీ రాలేకపోయానన్న బాధ తప్ప. ఇలా ఆమె మంచి కోరి ఊరుకున్నట్టు మాట్లాడడం కూడా నన్ను నేను కాపాడుకోవడమేనేమో. తేల్చుకోలేకపోతున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ఇప్పుడు లేదు.

మా అమ్మ చివరిసారి రమ్మన్న మాటను నేను మా అక్కకు చేరనివ్వలేదు. ఆమెను అక్క అనడం నాకిదే మొదలు. రాసి, పైకి చదువుకున్నాను. మధ్యలో ఆగలేదు.