పేరమ్మ పంపిన పుస్తకాలు

వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టిన పేరమ్మ, భర్త పోయిన దుఃఖంలో బుద్ధుడి బోధలు చదివి తేరుకుంది. అప్పటినుంచి ఆ బోధల్ని తనకు చదవడం రాని భాషల్లో కూడా అచ్చు వేయించి, అడిగిన ప్రతి దేశానికీ ఉచితంగా పంపుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం మంగోలియా నుంచి ఒకావిడ పేరమ్మ పంపిన పుస్తకం పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. తన భాషలో ఏదో చెబుతూ, పసిబిడ్డను ఊపుతున్నట్టు ఖాళీ చేతులు ఊపి కన్నీళ్లు పెట్టుకుంది.

"ఏమంటోందమ్మా?" అని అడిగింది పప్పు ఒలిచే జోహరాబీ.

"బిడ్డ పోయినట్టుంది జోహరా. కాసిని మంచినీళ్లు తీసుకురా," అంది పేరమ్మ.

తర్వాత పేరమ్మా, ఆవిడా పక్కపక్కనే కళ్లు మూసుకుని కూర్చున్నారు. వేగిన జీడిగింజల వాసనలో సముద్రపు గాలి మెల్లగా కలిసింది. వినిపిస్తున్న ఊపిరి తనదో ఆమెదో పేరమ్మకు తెలియలేదు.