టైలరు చేతి అలవాటు

మా వీధి టైలరుకు కోడలంటే గిట్టదని, అందుకే ఆమెను కొట్టు గడప తొక్కనివ్వడం లేదని పుకారు. అక్కడ కూర్చుని కళ్లారా చూసినదాన్ని కాబట్టి అసలు సంగతి చెబుతున్నాను. షుగరుకు అతను వారానికొకసారి, పెన్నులా ఉండే మందు సిరంజితో ఇంజెక్షన్ తీసుకుంటాడు. ఆదివారం పొద్దున కొట్లోనే సబ్బుతో చేతులు కడుక్కుని, మందు తేటగా ఉందో లేదో కిటికీ వెలుగులో చూస్తాడు. పోయిన వారం పొట్టకు ఎడమవైపు పొడుచుకున్నట్టు క్యాలెండరు మీద గుడ్డల సుద్దతో గీత ఉంటుంది, ఈసారి కుడివైపు. కొత్త సూది బిగించి, పొడుచుకుని, కాజా కుట్టినంత నిదానంగా పది లెక్కపెడతాడు.

ఆరు నెలల కిందట ఇలాగే పొడుచుకుని, ఊడదీసిన సూదిని ఏదో ధ్యాసలో మణికట్టుకు కట్టుకున్న గుండుసూదుల దిండుకు గుచ్చేశాడు. బొత్తాలు కుట్టే కోడలు గుండుసూది తీసుకోబోతే అది ఆమె వేల్లో దిగింది. రక్తపరీక్షలన్నీ చేయించారు, ఏమీ లేదన్నారు. అతను దిండు పారేసి, వాడిన సూదులకు మూత బిగుసుకునే గట్టి డబ్బా పెట్టుకున్నాడు. అయినా కోడలిని రానివ్వలేదు. మసక చూపుతో బొత్తాలు తనే కుడుతున్నాడు.

"నా వేలు ఎప్పుడో మానింది మామయ్యా, మీ కోపమే మానలేదు," అంటుంది ఆమె గుమ్మం బయటి నుంచి.

మొన్న ఆదివారం అతను సూది ఊడదీస్తుంటే నేనే అడిగాను. "డబ్బా ఉందిగా, ఇంకా ఆ పిల్లను ఎందుకయ్యా ఏడిపిస్తావు?"

సూది పట్టుకున్న చెయ్యి దిండు లేని మణికట్టు దాకా వెళ్లి ఆగింది. సూదిని డబ్బాలో వేసి మూత బిగించాడు.

"చూశావుగా అక్కా. సూది ఎక్కడ గుచ్చాలో ఈ చేతికి నలభై ఏళ్లుగా తెలుసు. అది మరిచిపోయాక పిల్లను నేనే పిలుస్తాను."