బ్రేకుల్లేని బండి, మోకాలు వంగని మేనేజరు

ఆ రోజుల్లో నాకు ఎడమ పక్క తప్ప ఇంకో పక్క ఉంటుందనే తెలియదు. వేదాంతమేమీ కాదు, నిజంగానే తెలియదు. నేను నడిపే బండి ఎడమకే తిరిగేది, మా మైదానం ఎడమకే వంపు తిరిగేది, నా కలలు కూడా ఎడమకే పడుకుని వచ్చేవి. ఇప్పుడు నలభై దగ్గర పడ్డాక, నడుము పట్టేసి ఏ పక్కకూ తిరగలేని పొద్దుల్లో కూర్చుని ఆలోచిస్తే, మనిషికి ఒక్క పక్కే తెలిసిన వయసు ఎంత బాగుండేదో కదా అనిపిస్తుంది.

తొమ్మిదో తరగతి సగంలోనే నాకూ బడికీ పడలేదు. (మా లెక్కల సారును అడిగితే, బడికి అందరితోనూ పడుతుంది, వీడికే పడలేదు అంటారు. ఆయన మాటే నమ్మండి, చదువుకున్న మనిషి.) బాపు పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేసేవాడు. నన్ను కండెలు చుట్టమని కూర్చోబెడితే, గిర్రున తిరిగే చక్రాన్ని నోరు తెరుచుకుని చూస్తూ దారం తెంపేవాణ్ణి. వారం రోజులు ఓపిక పట్టి, "వీనికి తిరిగేటిది ఏది కనవడ్డా పానం బోతాంది. నీ దగ్గర్నే ఉంచుకో" అని నన్ను మా మేనమామ వెల్డింగ్ షాపులో దింపేసి పోయాడు. ఊరంతా ఆయన్ని వెల్డింగ్ మామ అనే పిలిచేది. కిటికీలూ గేట్లూ చేసి బతికే ఆ మనిషికి ఒక పిచ్చి ఉండేది. ఎక్కడో మంచు కురిసే దేశంలో జరిగే ఒక రకం మోటారు సైకిళ్ళ పందెం టీవీలో చూశాడు. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట, నలుగురు మనుషులు, నాలుగు చుట్లు, అంతే. మలుపు వచ్చినప్పుడు వెనక చక్రం జారుతూ మట్టి చిమ్ముతుంటే, ఎడమకాలు నేలకు ఆనించి, బండిని దాదాపు పడుకోబెట్టి తిప్పాలి. అది చూసిన నాటి నుంచి మామకు గేట్ల మీద మనసు నిలవలేదు.

మూడు నెలల్లో ఒక పాత టూ స్ట్రోక్ బండిని కోసి, అతికించి, దాని నుంచి లైటూ హారనూ అద్దాలూ పీకేశాడు. చివరికి బ్రేకులు కూడా పీకుతుంటే ఆయన చేతిలోని పానా పట్టుకుని ఆపాను.

"మామా, అవ్వి ఎందుకు తీత్తానవ్?"

"ఉంటే సత్తవ్ బిడ్డా. ముందోడు బ్రేకేత్తే ఎన్కోడు వాని మీదికెక్కుతడు. ఎవ్వనికి లేకపోతే ఎవ్వనికి ఫికర్ లేదు, అందరు ఉరుకుడే."

ఇందులో తప్పేమిటో నాకు ఇప్పటికీ దొరకలేదు. ఎడమకాలు నేల మీద ఈడ్చాలి కనుక, నా పాదం కొలత తీసుకుని బూటు అడుగున ఇనుప రేకు వేసి అతికాడు. ఆ బూటు వేసుకుని నడిస్తే కుంటి గుర్రం సిమెంటు రోడ్డు మీద పోయినట్టు చప్పుడయ్యేది. నాకు మాత్రం రాజు నడిచినట్టు వినిపించేది. మా వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దాటాక ఒక పెద్ద బీడు ఉండేది. అక్కడే బాట గీసుకున్నాం. ఏడాది తిరిగేసరికి డోర్నకల్ నుంచి రైల్వే క్వార్టర్ల పోరగాళ్ళు ఒక జట్టు కట్టారు, పాలంపేట వైపు నుంచి ట్రాక్టర్లు నడిపేవాళ్ళు ఒక జట్టు, హన్మకొండ మెకానిక్కులది ఒకటి. మేమే మొదటివాళ్ళం కాబట్టి మాకు గర్వం ఎక్కువ, బండ్లు తక్కువ. సరిగ్గా చెప్పాలంటే ఒకటి.

దాని ప్రభావం ఇంటి మీద కూడా పడింది. మామూలు బండి ఎక్కినా నాకు బ్రేకు గుర్తొచ్చేది కాదు, కాలే గుర్తొచ్చేది. ఎడమ చెప్పు నెల తిరక్కుండా అరిగిపోయేది. అమ్మ కొత్త జత తెచ్చేది, అందులో ఎడమది మళ్ళీ అరిగేది. ఒక రోజు బాపు మంచం కింద నుంచి కుడికాలి చెప్పులన్నీ బయటికి లాగి వరసగా పేర్చి, "పద్నాలుగైనయ్ రా. దుకాణం పెడుదమా?" అన్నాడు. అంతకంటే అన్యాయం, కరివేపాకు తెమ్మని అమ్మ పంపితే అలవాటు కొద్దీ ఎడమ సందులన్నీ తిరుక్కుంటూ పోయి, నేను ఇల్లు చేరేసరికి ఇంట్లో వాళ్ళు పప్పు తిని చేతులు కడుక్కుంటుండేవారు.

రెండేళ్ళు ఏలాను. మూడో ఏడు ఒక పందెంలో ఆఖరి మలుపు దాటి అందరికంటే ముందున్నాను. గీత ఇంకా ఇరవై గజాలుంది. జనం ఈలలు వేస్తున్నారు. ఇంత అభిమానాన్ని ఊరికే వదిలేయడం మర్యాద కాదనిపించి, ఒక చెయ్యి వదిలి సలాం కొట్టాను. బండి కూడా సలాం కొట్టింది, పక్కకు పడి. దాని కింద నా ఎడమకాలు ఉంది. దవాఖానలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫొటో పట్టుకుని, "ఎట్ల పడ్డవయ్యా?" అంటే, "గెలిచిన అనుకొని పడ్డ సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. కాల్లో రాడ్ వేశారు. కట్టు విప్పాక చూసుకుంటే మోకాలు సగం వరకే వంగుతోంది, ఆ తర్వాత మొండికేస్తోంది. పడుకోబెట్టిన బండి మీంచి కాలు నేలకు ఆనించాలంటే మోకాలు పూర్తిగా వంగాలి. అది నాకూ తెలుసు, మామకూ తెలుసు. ఇద్దరం కొన్నాళ్ళు తెలియనట్టే ఉన్నాం.

చివరికి ఒక పొద్దున మామ నా చేతిలో ఒక ఈలా, ఒక టోపీ, ఒక అట్టా పెన్నూ పెట్టాడు.

"ఇగ నువ్వు మన టీముకు మేనేజర్‌వి."

"మేనేజర్ అంటే ఏం జెయ్యాలె మామా?"

"బండి మీద తప్ప అన్నిచోట్ల కూసోవాలె."

నా బండి మీదికి, నా బూటులోకి ఎక్కింది సైలెన్సర్ గాడు. వాడు మా షాపులో నాతోపాటు పని నేర్చుకున్నవాడే, నాకంటే మూడేళ్ళు చిన్న. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అయిదో మాటకు నీళ్ళు తాగేవాడు, అందుకే ఆ పేరు. బూటు వాడికి పెద్దదైతే ముందు గుడ్డముక్కలు కుక్కుకున్నాడు. బండికి కిక్కు రాడ్ ఉండదు కనుక ప్రతిసారీ వెనక నుంచి ఎవరైనా నెట్టాలి. మేనేజర్ ఉండగా ఇంకెవరు నెడతారు? కుంటుకుంటూ పది అడుగులు నెట్టేవాణ్ణి, బండి అందుకునేది, నా చేతుల్లోంచి జారిపోయేది. పొగ నాకు, పరుగు వాడికి. ఇంటికొచ్చి అమ్మతో "ఇయ్యాల టీము మంచిగ నడిపిన" అని చెప్పుకునేవాణ్ణి.

నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక్కసారి, ఆఖరి సారి, నాలుగు చుట్లు. గెలవకపోయినా ఫరవాలేదు. ఆ సలాం దగ్గర ఆగిపోయిన గీత ఒకటుంది కదా, దాన్ని దాటాలి. ఎవరికీ చెప్పలేదు. (చెబితే వద్దంటారు. వద్దంటే మానేయాలి. ఎందుకొచ్చిన గొడవ?)

ఎండలు ముదురుతున్న కాలం. మిర్చి మార్కెట్‌కు వచ్చే రోజులు. నాలుగు జట్ల పందెం పెట్టారు. ప్రతి పందేనికీ ముందు ఏ జట్టు మేనేజర్ ఆ జట్టు మనిషి పేరు కాగితం మీద రాసి మైకు దగ్గర ఇవ్వాలి. మూడు పందేలయ్యేసరికి మేమూ డోర్నకల్ వాళ్ళూ సమానం. నాలుగోదే ఆఖరిది. నేను అట్ట మీద కాగితం పెట్టి, చుట్టూ చూసి, నా పేరు రాశాను. పరీక్షలో కూడా నా పేరు అంత అందంగా ఎన్నడూ రాయలేదు.

సైలెన్సర్ కాగితం చూశాడు. నన్ను చూశాడు. "బూటియ్యి రా" అన్నాను, ఎటో చూస్తూ. వాడు కింద కూర్చుని బూటు విప్పి, గుడ్డముక్కలు తీసి, లోపలి మట్టి దులిపి ఇచ్చాడు. తిడితే బాగుండేది. మామ మాత్రం ఊరుకోలేదు.

"పిచ్చి లేసిందా నీకు? మోకాలు ఒంగదు, ఎట్ల తిప్పుతవ్ రా?"

"ఒంగుతాంది మామా, పొద్దుగాల ఒంగింది."

"పొద్దుగాల నువ్వు మంచంల ఉన్నవ్!"

అప్పటికే బండి ఎక్కేశాను. సైలెన్సర్ నెట్టాడు.

ఆ మొదటి వంద గజాలు ఎట్లా చెప్పను? రెండు చేతుల్లోకి బండి వణుకు పాకి, అక్కడి నుంచి దంతాల్లోకి వచ్చింది. ఆ నూనె కాలిన వాసన. ముందు ఎవరూ లేరు, నిజంగా ఎవరూ లేరు. పెళ్ళిపీటల మీద కూడా నాకు అంత సంతోషం కలగలేదు (ఈ వాక్యం మా ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను). ఇంతలో మలుపు వచ్చింది. బండి వంచాను. కాలును దిగమన్నాను. కాలు దిగలేదు. మోకాలు సగం దాకా వచ్చి, అక్కడ నిలబడి నన్ను చూస్తున్నట్టుంది. బ్రేకుల్లేవని ఆ క్షణంలో కొత్తగా గుర్తొచ్చింది. బండి తిన్నగా పోయి, బాట చుట్టూ కట్టిన తాడు తెంపుకుని, గట్టు ఎక్కి, అవతల పక్క చేనువాళ్ళు ఎండబోసిన మిరపకాయల్లోకి దూకింది.

కుప్ప కాదు, పరుపు. ఎర్రగా, గలగలమంటూ, ఎకరం పొడుగునా. నేను ఒక పక్క పడ్డాను, దెబ్బలేం తగల్లేదు. బండి మాత్రం పడుకుని, వెనక చక్రం ఇంకా తిరుగుతూ, మిర్చిని పొడి కొట్టి గాలిలోకి ఎగజిమ్మింది. గాలి మైదానం వైపే వీస్తోంది. ముందు డోర్నకల్ వాడు తుమ్మాడు. తర్వాత ముగ్గురూ బండ్లు వదిలి కళ్ళు పట్టుకున్నారు. తర్వాత జనం. పందెం ఆపాల్సిన పెద్దమనిషి ఈల నోట్లో పెట్టుకుంటే తుమ్ముతో పాటు ఈల ఎగిరిపోయింది. మైకులో ఒకాయన గ్రాంథికంగా, "సాంకేతిక కారణాల వల్ల, హాచ్, పందెమును, హాచ్, తాత్కాలికముగా..." అని ఆపలేక ఆపాడు. నేను మిరపకాయల మధ్య కూర్చుని ఏడుస్తున్నాను. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే కనుక నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఒక్క విషయంలో మిరపకాయలు నాకు చాలా సాయం చేశాయి.

కొంగు ముక్కుకు కట్టుకుని ఆ మిర్చి యజమానురాలు వచ్చింది. అరవై ఏళ్ళ అవ్వ, చేతిలో చీపురు.

"ఎవడ్రా మీ పెద్ద?"

అందరూ నన్ను చూపించారు. మేనేజర్ నేనే కదా.

"నీ బండి పాడుగాను! బాట గంత పెద్దగుంటే నా కాయలే దొరికినయా నీకు తొక్కనీకి?"

"తిప్పుదామనుకున్న అవ్వా, కాలు రాలె."

"కాలు రానోనివి ఇంట్ల కూసోవద్దా?"

ఇదే మాట మామ అంటే కోపం వచ్చేది. డాక్టరు అంటే తల దించుకునేవాణ్ణి. కానీ చీపురు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ అవ్వ అంటే ఎందుకో నవ్వొచ్చింది. "నిజమే అవ్వా" అన్నాను. ఆ నిజం నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నాలుగు జట్ల వాళ్ళమూ కూర్చుని, చెదిరిన కాయలన్నీ ఏరి మళ్ళీ పరిచాం. మేనేజర్‌గా నేను పది మందిని పెట్టి చేయించిన మొదటి పని అదే. బాగానే చేయించాను.

మామ బండి హ్యాండిల్‌ను కాలితో తన్ని సరిచేశాడు. మైకాయన తుమ్ములు తగ్గాక, పందెం మళ్ళీ మొదటి నుంచి నడుపుతామనీ, వరంగల్ మేనేజర్ గారు వెంటనే పేరు ఇవ్వాలనీ పిలిచాడు. పెన్ను తీశాను. సైలెన్సర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడి జన్మలో అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

"అన్నా, మల్ల నువ్వే ఎక్కు. ఈసారి నేను మలుపు కాడ నిలవడ్త. నువ్వు రాంగనే బండిని పక్కకు నూకుత. తిరుగుతది."

వెధవ నిజంగానే అన్నాడు. మూడు బండ్లు మీదికి వస్తుంటే మలుపులో నిలబడతాడట, నా కాలు చేయాల్సిన పని తన చేతులతో చేస్తాడట. నేను కళ్ళు తుడుచుకున్నాను. (కారమే అనుకోండి.)

"మేనేజర్‌ను నేనా, నువ్వా?" అని కసిరి, వాడి పేరు రాశాను. కింద కూర్చోబెట్టి, బూటులో గుడ్డముక్కలు నేనే కుక్కి, వాడి కాలికి తొడిగి లేసు కట్టాను. నెట్టాను. వదిలాను.

తాడు పక్కన నిలబడితే, ఆ అవ్వ కూడా చీపురుతో వచ్చి నా పక్కనే నిలబడింది. మళ్ళీ ఎవడైనా తన కాయల మీదికి వస్తాడేమోనని కాపలా. మొదటి చుట్టులో సైలెన్సర్ మూడోవాడు. వాడు గెలవాలని నా నోరు అరుస్తోంది. వాడు కూడా ఒక్కసారి పడితే బాగుండునని లోపల ఎక్కడో ఇంకో గొంతు, చాలా చిన్నది, అంటోంది. దాచి ఏం లాభం, అన్నది. రెండో చుట్టుకు వాడు మలుపులోకి వచ్చాడు. కాలు దించాడు, బండి జారింది, మట్టి లేచింది. ఆ చిన్న గొంతు ఆగిపోయింది. అంత అందంగా నేను ఎన్నడూ తిప్పలేదు. మూడో చుట్టులో ఒకణ్ణి దాటాడు, ఇంకొకడు మిగిలాడు. ఆఖరి మలుపులో బండిని ఎంత వంచాడంటే, నేను ఊపిరి తీసుకోవడం మానేశాను.

"ఓ కొడుకా!" అవ్వ నా భుజం పట్టుకుని అవతలికి నెట్టింది. "మీద వడ్తవేంది? బండి వాడు నడుపుతాండు కదరా!"

చూసుకుంటే నేను ఎడమకు సగం పడుకుని, నా బరువంతా ఆ ముసలిదాని మీద వేసి ఉన్నాను.

వాడు గెలిచాడు. ఆ బీడు ఇప్పుడు ప్లాట్లయింది, మిరపకాయలు ఎండబోసే చోట రంగు రాళ్ళు పాతారు. మా జట్టు ఊరి బయట ఇంకో మైదానానికి మారింది. బండ్లు నాలుగయ్యాయి, వాటి మీదికి ఎక్కేవాళ్ళు మారారు, నా టోపీ మాత్రం మారలేదు. మంచి మేనేజర్‌నే అంటారు. అరుస్తాను గానీ పేర్లు సరిగ్గా రాస్తాను. పందెం రోజు తాడు పక్కన జనం కిక్కిరిసి ఉన్నా, నాకు ఎడమ పక్క మాత్రం ఒక మనిషి పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. మా వాళ్ళందరికీ సంగతి తెలుసు, అక్కడ నిలబడరు.